బాబాయి గాలం గురుతు

ఊళ్ళో ఎవరికైనా పూనకం వస్తే అందరూ చేతులు జోడిస్తారు. నేను మాత్రం ఆ మనిషి పొద్దున ఏమైనా తిన్నదా అని అడిగే రకం. దెయ్యాలంటే నాకు చిన్నప్పుడూ భయం లేదు, ఇప్పుడూ నమ్మకం లేదు. ఛత్రపురం పక్కన సముద్రం ఒడ్డునున్న మా ఆర్యపల్లిలో నన్ను మొండిఘటం అంటారు. ఆ పేరు నాకు ఇష్టమే.

కాబట్టి ఇది చదివి 'పాపం, పార్వతి కూడా ఆ దారిలో పడింది' అని ఎవరూ జాలిపడనక్కర్లేదు. నేను ఏ దారిలోనూ పడలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. మధ్యమధ్యలో నాకు కోపం వస్తుంది. దాన్ని ఆపుకుని రాయమంటే నావల్ల కాదు.

నేను బరంపురంలో, హల్దియాపదర్‌లో ఉంటాను. పాత గ్రామఫోను రికార్డులు కొని అమ్మడం నా పని. అందులోనూ హిప్ హాప్ రికార్డులు ఎక్కువ. అమెరికాలో నల్లవాళ్ళ పేటల్లో పుట్టిన పాటలు అవి. తెలియనివాళ్ళకి పాటల్లా వినబడవు, వీధి కొళాయి దగ్గర పోట్లాటలా వినబడతాయి. నాకు అందుకే నచ్చాయి కాబోలు. బరంపురంలో ఇవి ఎవడు కొంటాడని మా ఆయన ఎగతాళి చేసేవాడు. బరంపురంలో ఎవడూ కొనడు. జపాన్‌వాడు కొంటాడు, జర్మనీవాడు కొంటాడు. నేను అట్టపెట్టెలో కట్టి పంపిస్తాను. ఇప్పుడు ఆ పెట్టెలకి టేపు అంటించేది మా ఆయనే.

ఈ వ్యాపారమంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. ఈ రికార్డు మొదటిసారి అచ్చయిన వాటిలోదా, తర్వాత ఎప్పుడో వేసినదా? పాట అదే, బొమ్మ అదే. కానీ మొదటి అచ్చుకి పలికే ధరకి రెండోదాని ధర ఏ మూలకీ రాదు. అట్ట చూసి చెప్పేవాణ్ణి నమ్మకండి. అట్ట ఎవడైనా మార్చగలడు. రికార్డు మధ్యలో అంటించిన కాగితం చూసి చెప్పేవాణ్ణి కూడా సగమే నమ్మండి. అసలు సాక్ష్యం వేరేచోట ఉంటుంది. పాట అయిపోయాక ముల్లు ఊరికే తిరుగుతుందే, ఆ నున్నటి జాగాలో.

అచ్చుకి ముందు మూలపలక మీద పాట గీతలు కోసే పనివాడు ఆ జాగాలో తన చేత్తో నంబరు గీకుతాడు. పక్కన తన పొడి అక్షరాలు వేసుకుంటాడు. తర్వాత దొంగచాటుగా అచ్చేసేవాళ్ళు ఆ నంబరు మిషనుతో కొడతారు, లేకపోతే ఇంకొకడి చేత గీకిస్తారు. వెలుగుకి వంచి, భూతద్దం పెట్టి చూస్తే ఇట్టే దొరికిపోతారు. బరువు కూడా చూడాలి. ఆ పాటలు పుట్టిన రోజుల్లో న్యూయార్కులో వేసిన సింగిల్స్, అంటే వైపుకి ఒక్క పాటే ఉండే పెద్ద రికార్డులు, పల్చగా ఉండేవి, పట్టుకుంటే కొంచెం వంగేవి. ఇప్పటి దొంగ అచ్చులు పళ్ళెంలా దళసరిగా ఉంటాయి. కొత్తగా కొనేవాళ్ళు బరువుంటే మంచిదనుకుని మోసపోతారు.

నాకు ఈ పిచ్చి అంటించినవాడు ఎర్రయ్య బాబాయి. మా అమ్మ చెల్లెలు దానమ్మ పిన్ని భర్త. మా వాళ్ళందరూ చేపలవేట మీద బతుకుతుంటే, బాబాయి ఒక్కడు కొన్నేళ్ళు ఓడల్లో కళాసీగా తిరిగాడు. న్యూయార్కు రేవులో ఓడ ఆగినప్పుడల్లా రోడ్డు పక్కన రికార్డులు పెట్టుకుని అమ్మేవాడి దగ్గర కొనేవాడు. అలా కొన్నవన్నీ ఒక ట్రంకుపెట్టెలో ఇంటికి తెచ్చాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. అప్పట్లో నాకూ రాదు. ఎండుచేపల వాసనలో, బ్యాటరీకి కట్టిన ప్లేయరు ముందు ఇద్దరం కూర్చుని వినేవాళ్ళం.

"ఏటంటన్నాడు బాబాయ్?" అని అడిగేదాన్ని.

"ఇంటద్దె అడగడానికొచ్చినోణ్ణి తిడతన్నాడే" అనేవాడు.

పెద్దయ్యాక ఇంగ్లీషు నేర్చుకుని ఆ పాట మళ్ళీ విన్నాను. నిజంగానే అద్దె గురించి తిట్లు.

బాబాయి తనదైన ప్రతి వస్తువు మీదా గురుతు గీకేవాడు. ఇది ఆయన ఒక్కడి చాదస్తం కాదు. మా వాళ్ళలో ఇంటికో గురుతు ఉంటుంది. వలకి కట్టే బెండ్ల మీదా, తెడ్ల మీదా, తెప్ప మీదా దాన్ని చెక్కుతారు. వల తెగి కొట్టుకుపోతే, దొరికినవాళ్ళు బెండు మీద గురుతు చూసి ఆ ఇంటికి తెచ్చి ఇచ్చెయ్యాలి. ఇవ్వకుండా ఉంచుకున్నవాడి వలలో చేప పడదంటారు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వల గాని తెప్ప గాని అమ్మేటప్పుడు ఆ గురుతును సొంతదారుడు తన చేత్తోనే గీకి చెరిపెయ్యాలి. ఇంకెవరూ చెరపకూడదు. గురుతు ఉన్నది ఏదీ అమ్మకూడదు.

పిన్ని వాళ్ళింటి గురుతు రెండు నిలువు గీతలు, వాటి కింద ఒక గాలం. బాబాయిది పుర్రచెయ్యి. అన్నదమ్ములు గీస్తే గాలం ముక్కు కుడివైపు తిరిగేది, బాబాయి గీస్తే ఎడమవైపు తిరిగేది. ఊళ్ళో అందరికీ ఆ తేడా తెలుసు. ఆ గాలాన్ని ఆయన తన రికార్డులన్నిటి మీదా మేకుతో గీకాడు. అదీ సరిగ్గా ఆ నున్నటి జాగాలో. న్యూయార్కు పనివాడి చేతిరాత పక్కన ఆర్యపల్లి గాలం! రికార్డులు దాచుకునేవాళ్ళకి చూపిస్తే గుండె పట్టుకుంటారు. ప్రపంచంలో మా వాళ్ళు తప్ప ఇలాంటి పని ఇంకెవరూ చెయ్యరు.

బాబాయి సముద్రంలో పోయి చాలా ఏళ్ళయింది. గాలి ఎక్కువగా ఉన్న రోజు, ఎవరిదో వల తెగి, బెండ్లు తేలుకుంటూ పోతున్నాయట. ఎవరి గురుతో చూసొస్తానని ఒక్కడూ తెప్పేసుకుని వెళ్ళాడు. తెప్ప తిరిగొచ్చింది, ఆయన రాలేదు. శవం దొరకలేదు. ఎవరిదో వల కోసం! ఆ వల ఎవరిదో కూడా ఈరోజుకీ తేలలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

శవం దొరకలేదు కాబట్టి పిన్ని గాజులు తియ్యలేదు. ఎవరైనా ఎత్తి చూపితే, "ఇంటి నిండా ఆయన గురుతే ఉన్నాది. మనిషి నేడని నాను ఎలగంటాను?" అనేది.

ఇక ఇల్లు సంగతి. సముద్రం ఏటేటా ఊళ్ళోకి జరుగుతోంది. ముందు వరస ఇళ్ళు పోయాయి. కిందటి వానాకాలంలో పిన్ని వంటగది గోడ కూలింది. మిగిలిన ఒక్క గదిలోకి పోటు వచ్చినప్పుడు నీళ్ళు వస్తాయి. రోడ్డుకి అవతల, మెరకలో, రెండు గదుల ఇల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది. పిన్నికి పిల్లల్లేరు. నా దగ్గరికి వచ్చి ఉండమంటే సముద్రం కనబడనిచోట నిద్రపట్టదంటుంది. ఆ ఇల్లు కొనిపెట్టడానికి నా దగ్గర తాహతు లేదు.

ట్రంకుపెట్టె నీళ్ళ పాలవకముందే చూద్దామని నేనే దాన్ని తెరిచాను. చాలావరకు బూజు పట్టినవి, మామూలు సరుకు. అడుగున మాత్రం ఒకటి కనబడింది. నాలుగు రికార్డులు వేసి మూతపడిన ఒక చిన్న కంపెనీది. దాని పేరు చెప్పను, చెబితే కొన్నవాళ్ళెవరో తెలిసిపోతుంది. కాగితం మీద కంపెనీ పాత చిరునామా ఉంది. నంబరు చేత్తో గీకింది. పొడి అక్షరాల చివర చిన్న చుక్క. ఆ పనివాడు అలా చుక్క పెట్టడం మొదట్లో వేసిన వాటిలోనే ఉందని తెలిసినవాళ్ళు చెబుతారు. మొదటి అచ్చు. నా చేతుల్లో అలాంటిది అంతకుముందు ఎప్పుడూ పడలేదు. దాని మీద వచ్చేదానితో రోడ్డవతల ఇల్లు కొనొచ్చు. గాలం గీకినందుకు ధర కొంత తగ్గినా కొనొచ్చు.

పిన్ని ఒప్పుకోలేదు. "గురుతున్నది అమ్మకూడదే. ఆయన ఒచ్చి తీస్తే అమ్ముకుందాం" అంది.

"ఆయన ఎక్కణ్ణుంచి వస్తాడు పిన్నీ? నువ్వు సముద్రంలో కలిసిపోతావు, అప్పుడు ఈ రికార్డుని ఎవరు వింటారు, చేపలా?"

"నీకేటి తెలుసే, నోర్ముయ్" అంది.

నేను అరిచాను, ఆవిడా అరిచింది. పక్కింటివాళ్ళు వచ్చి విడదీశారు. రికార్డుకి అన్ని వైపులా ఫోటోలు మాత్రం తీసుకుని ఇంటికొచ్చాను. గాలంతో సహా అన్నీ ఆ ఫోటోల్లో ఉన్నాయి. దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ చుక్క గురించి నిర్ధారణ చేసుకుందామని, రికార్డులు సేకరించేవాళ్ళ గ్రూపులో ఆ ఫోటోలు పెట్టాను. మా పిన్నిదని, ఆర్యపల్లిలో ఉందని రాశాను. ఆ గ్రూపులోనే బరంపురంలో కొట్టున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు. విశాఖపట్నం నుంచి వచ్చి ఇక్కడ ఏసీ గదిలో పాత రికార్డుల కొట్టు పెట్టాడు. అతని పేరు ఇక్కడ రాయను. ఇంట్లో మేం 'దొర' అంటాం.

తర్వాత కొన్నాళ్ళకి పిన్ని దగ్గర్నుంచి ఫోను. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "పారోతీ, బేగి రాయే. మీ బాబాయి గురుతు తీసీసినాడు!"

నేను వెళ్ళేసరికి పిన్ని పరమాన్నం వండింది. చేతులకి గాజులు లేవు. తీసి గూట్లో పెట్టింది. రికార్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏటైందంటే, నువ్వు పంపినావని ఒక బాబు ఒచ్చినాడు. మాటకి ముందు ఆజ్ఞా, మాటకి ఎనక ఆజ్ఞా అంటా ఎంత మరేదగా మాటాడినాడో. దీన్ని కడిగి తెస్తానని అట్టుకెల్లి సాయంత్రానికి తెచ్చి ఇచ్చీసినాడు. నాను తీసి ఇలగ ఏలు పెట్టి సూసినాను. గురుతు నేదు! ఉత్తి నున్నగా ఉన్నాది. ఇన్నాళ్ళకి దయ కలిగినాదే మీ బాబాయికి. అమ్ముకోమని సెప్పినాడు."

నేను ఎవర్నీ పంపలేదు. ఆనవాళ్ళు అడిగితే, వచ్చింది ఆ బరంపురం కొట్టు దొరే. రికార్డు అందుకోగానే చేతికి తెలిసిపోయింది. బరువు. అట్ట పాతదే, బాబాయి కిరసనాయిలు మరకతో సహా. లోపలున్నది మాత్రం పళ్ళెంలా దళసరిగా ఉంది. భూతద్దం పెట్టాను. కాగితం మీద అక్షరాల అంచులు చెదిరి ఉన్నాయి, ఫోటో తీసి మళ్ళీ అచ్చేసినట్టు. నంబరు మిషను కొట్టింది. చుక్క లేదు. అసలు అట్టలో నకిలీ పెట్టి ఇచ్చి, అసలుది ఎత్తుకుపోయాడు దొర. గురుతు ఎందుకు లేదంటే, అది బాబాయిది కాదు కనక!

ఆ క్షణంలో నాకు దొర మీద ఉన్న కోపం కంటే, ఈ మాట పిన్నికి చెప్పాల్సిన మనిషిని నేనే అయినందుకు వచ్చిన కోపం ఎక్కువ. చెప్పకుండా ఉండలేను. చెప్పాను. బాబాయి రాలేదు పిన్నీ, దొంగ వచ్చాడు అన్నాను.

పిన్ని ఏడవలేదు, తిట్టలేదు. లేచి వెళ్ళి గూట్లో గాజులు తీసి ఒక్కొక్కటే మళ్ళీ తొడుక్కుంది. పొయ్యి మీద పరమాన్నం అలాగే ఉంది. ఎవరం ముట్టుకోలేదు.

నేను అక్కణ్ణుంచి నేరుగా బరంపురం వచ్చి, చీర కూడా మార్చకుండా దొర కొట్టు మెట్లెక్కాను. మధ్యాహ్నం వేళ. కొట్టు నిండా దీపాలు, కిటికీలోంచి ఎండ. రాత్రి కాదు, చీకటి కాదు. కరెంటు కూడా పోలేదు. ఇది ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

దొర కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు. ఆర్యపల్లి ఎక్కడుందో కూడా తనకి తెలియదన్నాడు. "మీ పిన్నిగారు పెద్దావిడ కదా మేడమ్, ఎవరికో ఇచ్చి మర్చిపోయుంటారు" అన్నాడు.

"నీ ఇల్లు బంగారం గాను, ముసలిదాని గాజులతో ఆడుకుంటావురా?" అన్నాను. నా గొంతుకి కింద రోడ్డు మీద పోయేవాళ్ళు తలెత్తి చూశారు.

అతను మాత్రం నవ్వాడు. "మీ ఫోటోలు గ్రూపులో చూశాను, ఆ గీతల గుర్తు కూడా చూశాను. అలాంటి గుర్తున్న రికార్డు ఈ షాపులో ఒక్కటి చూపించండి మేడమ్, షాపు మీకే రాసిచ్చేస్తాను."

నా చేతికి దగ్గరగా ఉన్న అరలోంచి ఒకటి లాగాను. ఏదో పాత హిందీ పాటల రికార్డు. కోపంలో లాగానే తప్ప, అందులో ఏదో ఉంటుందని కాదు. తీసి వెలుగుకి వంచాను.

రెండు నిలువు గీతలు. కింద గాలం. ముక్కు ఎడమవైపు.

మొదట నాకు వచ్చిన ఆలోచన, ఈ దొంగవెధవ ట్రంకుపెట్టెలోవి ఇంకా ఎత్తుకొచ్చాడని. కానీ బాబాయి హిందీ రికార్డులు ఎప్పుడూ కొనలేదు. ఇంకొకటి తీశాను. భక్తి పాటలది. గాలం ఉంది. వెనక అరలోంచి ఒకటి, కింద అట్టపెట్టెలోంచి ఒకటి. ఏది తీసినా అదే. భూతద్దం పెట్టి చూశాను. మేకు మొదట లోతుగా దిగి, చివరికి తేలిపోయిన గీత. బాబాయి గీక్కుంటూ వచ్చి చివర చెయ్యి ఎత్తేసే పద్ధతి అది. నాకు తెలియదా? ఆ గాలాలు చూస్తూ పెరిగాను.

దొర నా చేతిలోంచి లాక్కున్నాడు. చూశాడు. "ఇవన్నీ నువ్వే గీకావు" అన్నాడు. మేడమ్ పోయింది.

"నీ కళ్ళముందే కదా తీశాను. నా చేతిలో మేకుందా?" అని రెండు చేతులూ చాపాను.

అప్పుడతను ఒక పని చేశాడు. అతను చెయ్యకపోతే ఇది నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఫ్యాక్టరీ ప్లాస్టిక్ కవరు విప్పని కొత్త రికార్డులు ఒక అరలో పెట్టుకున్నాడు. యూరప్‌లో ఈమధ్యనే అచ్చేసి, అక్కణ్ణుంచి వచ్చినవి. అందులోంచి ఒకటి తనే తీశాడు, తనే బ్లేడుతో కోశాడు, తనే వంచి చూశాడు. చూసి, బల్ల మీద పెట్టేశాడు. ఇంకొకటి కోశాడు. ఇంకొకటి. ఏసీ గదిలో అతని చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అది భయమంటే ఒప్పుకుంటాను. కానీ భయం కింద కోపం అలాగే ఉంది. అతను కోసినవన్నీ బల్ల మీద వరసగా ఉన్నాయి. ప్రతిదాని మీదా మా వాళ్ళ గాలం.

దొంగకు తేలు కుట్టినట్టంటారు చూడండి, అప్పుడతని పరిస్థితి అదే. అరవడానికి లేదు, ఎవర్నీ పిలవడానికి లేదు. పిలిస్తే ఏమని చెబుతాడు? చివరికి లోపలి గదిలోకి వెళ్ళి, బీరువా తెరిచి, తెల్ల కాగితం కవరులో ఒక రికార్డు తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "తీసుకుపోండి. ముందు ఇక్కణ్ణుంచి వెళ్ళండి" అన్నాడు.

షాపు రాసిమ్మని నేను అడగలేదు. కవరులోంచి తీసి చూశాను. గాలం లేదు.

నేను మళ్ళీ లేచాను. "ఇదీ నకిలీయేనా? ఎన్ని వేయించి పెట్టుకున్నావురా?" అని బల్ల గుద్దాను. అతను వాళ్ళమ్మ మీద ఒట్టేశాడు. తను ఏమీ చెయ్యలేదని, తెచ్చిన రోజున గుర్తు ఉందని, అలాగే బీరువాలో పెట్టానని చెప్పాడు. అబద్ధాలాడేవాడి మాట నేనెందుకు నమ్మాలి? నమ్మలేదు. నా పని నేను చేశాను.

పల్చగా ఉంది, పట్టుకుంటే వంగుతోంది. కాగితం మీద అక్షరాల అంచులు శుభ్రంగా ఉన్నాయి. పాత చిరునామా ఉంది. చేత్తో గీకిన నంబరు ఉంది, పొడి అక్షరాలున్నాయి, చుక్క ఉంది. నడుమనున్న చిల్లు దగ్గర్నుంచి అంచు దాకా వెంట్రుకంత గీత ఒకటి వంకరగా పోతుంది. నేను ట్రంకుపెట్టె తెరిచిన రోజు తీసిన ఫోటోలో ఆ గీత ఉంది. ఫోనులో ఫోటో, చేతిలో రికార్డు పక్కపక్కన పెట్టాను. అన్నీ కలిశాయి. ఫోటోలో చుక్క పక్కన గాలం ఉంది. రికార్డు మీద ఆ చోటు ఖాళీగా ఉంది.

ఈ పనిలో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రికార్డు మీద గీకింది పోదు. గరుకు కాగితంతో రుద్దితే పాలిపోయిన మచ్చ పడుతుంది. వేడి చేస్తే అలలు తేలుతాయి. ఇక్కడ మచ్చ లేదు, అల లేదు. అచ్చయిన రోజున ఎలా ఉండేదో అలా మెరుస్తోంది. ఆ చోట చెయ్యి పడనట్టే ఉంది.

దొర కోసిన వాటిలో ఒక కొత్త రికార్డును కూడా సంచిలో వేసుకున్నాను. అతను వద్దనలేదు.

ఆ సాయంత్రమే ఆర్యపల్లి వెళ్ళాను. పిన్ని ఎండేసిన చేపలు తట్టలోకి ఎత్తుతోంది. కొంగుతో చేతులు తుడుచుకుని, రికార్డు తీసుకుని, బొటనవేలు పెట్టి ఆ నున్నటి జాగా చుట్టూ తిప్పింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ తిప్పింది.

"ఇదీ దొంగదేనేటే?" అంది.

అంతకుముందు ఆనందంతో ఫోను చేసిన మనిషే ఈవిడ. ఇప్పుడు నున్నగా ఉంటే దొంగదేమో అంటోంది. వాడు ఆవిడకి చేసిన అన్యాయం అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

"కాదు పిన్నీ. ఇది బాబాయిదే. నేను అన్నీ చూశాను."

"బాబాయిదే అయితే గురుతేదీ?"

నమ్మనివాళ్ళు ఏం చెప్పాలి?

"నువ్వు సెప్పు. సదువుకున్నదానివి, బూతద్దమెట్టి సూసినదానివి. ఆలూ ఈలూ సెప్తే నాను నమ్మను. నీ నోటితో సెప్పు."

"చెరిపేశాడు" అన్నాను. "బాబాయే చెరిపేశాడు."

నేను నమ్మని మాట నా నోటితోనే చెప్పాను. ఎందుకంటే దానికంటే నిజమైన మాట నా దగ్గర ఇంకొకటి లేదు. అంతకుముందు వచ్చింది నకిలీ అని ఎంత గట్టిగా చెప్పానో, ఇది అసలుదని కూడా అంత గట్టిగానే చెప్పాలి కదా.

పిన్ని రికార్డును నా చేతిలో పెట్టింది. "అయితే అమ్మీసీ" అంది. గడప మీద కూర్చుని గాజులు తీసింది. ఈసారి గూట్లో పెట్టలేదు, కొంగున ముడేసుకుంది. కబురు తెలిసి ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు వచ్చారు, పద్ధతి ప్రకారం చెయ్యాలి, పగలగొట్టాలి అంటూ. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి అందర్నీ పంపించేశాను. నా నోటికి జడిసి ఎవరూ లోపలికి రాలేదు.

ఆ రికార్డు అమ్మాను. పిన్ని ఇప్పుడు రోడ్డవతల రెండు గదుల ఇంట్లో ఉంది. అక్కణ్ణుంచి సముద్రం కనబడుతుంది. పాత ఇల్లు మొన్నటి పోటుకి పూర్తిగా పోయింది. దొర కొట్టు మూసేసి ఎటో వెళ్ళిపోయాడు. ఆ సరుకంతా ఏం చేశాడో నాకు తెలియదు.

ఆ కొత్త రికార్డు మాత్రం ఇప్పుడు, ఇది రాస్తున్నప్పుడు కూడా, నా బల్ల మీదే ఉంది. గాలం అలాగే ఉంది. ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళకి చూపించాను. ఫ్యాక్టరీలోనే ఎవడో గీకి ఉంటాడన్నారు. యూరప్ ఫ్యాక్టరీలో పుర్రచేతివాటం గాలం గీకేవాడెవడండీ? దొర నాటకమాడాడన్నారు. తన సరుకంతా తనే పాడుచేసుకునే నాటకమా? మా ఆయన, నీకు ఆవేశంలో అలా కనబడిందన్నాడు. మరి ఇప్పుడు నాకు ఆవేశం లేని రోజున కూడా ఎందుకు కనబడుతోందని అడిగాను. ఆయన కూడా భూతద్దం పెట్టి చూశాడు. చూసి, పెట్టెలకి టేపు అంటించుకోవడానికి వెళ్ళిపోయాడు.

నేను దెయ్యం అనను. ఇంకేం అనాలో కూడా తెలియదు. ఆలోచించిన ప్రతిసారీ నాకు మిగిలేది కోపమే. దొర మీద ఉన్నది ఎప్పుడో చల్లారింది. ఇది బాబాయి మీద. ఒక్క మొగుడికి రెండుసార్లు గాజులు తీసింది మా పిన్ని. ఇన్నేళ్ళూ సముద్రం వైపు తలుపు తీసుకుని కూర్చుంది, ఇప్పుడు కొత్తింట్లోనూ ఆ వైపు తలుపే తీసుకుని కూర్చుంటోంది. గురుతు పెట్టడం తెలిసింది, గురుతు చెరపడం తెలిసింది నీకు. బరంపురం దాకా వచ్చినవాడివి, అక్కణ్ణుంచి ఛత్రపురం బస్సెక్కితే ఎంతసేపు బాబాయ్? ఒక్కసారి ఇంటికెళ్ళి కనబడలేకపోయావా?